పసుపు బాణాల వెంట శాంటియాగోకు

స్పెయిన్‌లోని శాంటియాగో నగరంలో పునీత యాకోబు పేరిట ఉన్న కతీడ్రల్‌కు, అంటే పెద్ద చర్చికి, కాలినడకన వెళ్లే క్రైస్తవ యాత్ర ఇది. ఈ శాంటియాగో నడకకు వెళ్లేవాళ్లలో చాలామంది సారియా ఊళ్లోనే మొదలుపెడతారు. అక్కణ్ణించి కతీడ్రల్ దాకా సుమారు 115 కిలోమీటర్లు. యాత్ర చేసినట్టు కంపోస్టెలా అనే ధ్రువపత్రం ఇవ్వడానికి చూసేది కనీసం 100 కిలోమీటర్ల నడక కాబట్టి ఐదారు రోజుల్లో పని అయిపోతుంది. సెలవు దొరకనివాళ్లను ఏమీ అనలేం. ఇంకో వారం చేతిలో ఉంటే మాత్రం సారియా వద్దు, రబనల్ నుంచి నడవండి. మేము నడిచింది అలాగే, దాదాపు 240 కిలోమీటర్లు. చచ్చిపోతున్న ఈ దారిని మళ్లీ లేపి నిలబెట్టినవాళ్ల చేతిపని కనబడేది ఆ భాగంలోనే.

రబనల్ కొండవాలు మీది చిన్న ఊరు. 2001లో బెనెడిక్టైన్ సన్యాసులు అక్కడ ఓ చిన్న మఠం పెట్టారు. సాయంత్రం ఎదురుగా ఉన్న పాత రాతి చర్చిలో లాటిన్ కీర్తనలు గ్రెగోరియన్ పద్ధతిలో పాడతారు. వాద్యాలు ఉండవు. గొంతులు కొద్దే అయినా గోడలు నాదాన్ని పట్టి ఉంచుతాయి. రాత్రి పడుకునే ముందు జరిగే ప్రార్థనలో యాత్రికుల దీవెన ఉంటుంది. వేళలు చర్చి తలుపు మీదే రాసి ఉంటాయి, చూసుకుని ఆ తర్వాతే భోజనం సంగతి తేల్చుకోండి. వంట ఆలస్యమై దీవెన తప్పిపోయేవాళ్లు రోజూ ఉంటారు.

మర్నాడు దాదాపు 1500 మీటర్ల ఎత్తున ఇనుప శిలువ దాటి మోలినాసెకాకు దిగాలి. ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఒక్క పూటలో 900 మీటర్ల దిగుడు, అదీ పలకరాళ్ల మీద. పాదం బూటులో ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. రెండు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకుని, దిగేటప్పుడు చీలమండ దగ్గర లేసు బిగించి కడితే చాలావరకు తప్పుతుంది. బొబ్బలకు మూలం చెమట, రాపిడి. గంటన్నరకోసారి బూట్లు విప్పి మేజోళ్లు మార్చాలి. మంట మొదలైన చోట వెంటనే టేపు వేయాలి, బొబ్బ లేచేదాకా ఆగకూడదు. సంచి బరువు మన బరువులో పదో వంతు దాటితే మోకాళ్లు ఊరుకోవు.

ఆ తర్వాత పెద్ద ఎక్కుడు ఓ సెబ్రెయిరో, సుమారు 1300 మీటర్లు. గడ్డికప్పుల గుండ్రటి రాతి ఇళ్లు, చిన్న చర్చి, తరచూ పొగమంచు. ఎలియాస్ వలీన్యా ఈ ఊరి పాదిరి. యాత్రికులు దాదాపు లేని కాలంలో ఈ దారి మీద సలమాంకాలో డాక్టరేటు చేశారు. 1984లో పసుపు పెయింటు కారులో వేసుకుని, ఫ్రాన్స్ సరిహద్దులోని పిరనీస్ కొండల వైపు నుంచి చెట్ల మీద, గోడల మీద, రాళ్ల మీద దారి చూపే బాణాలు గీసుకుంటూ వచ్చారు. రోడ్డు గీతలు వేయగా మిగిలిన రంగట అది. 1989లో కన్నుమూశారు. చర్చి పక్కన ఆయన విగ్రహం ఉంది.

రెండో జాన్‌పాల్ పోపు 1982 నవంబరు 9న శాంటియాగో కతీడ్రల్‌లో నిలబడి, నీ వేళ్ల దగ్గరికి తిరిగిరా అని యూరప్‌ను పిలిచారు. 1987లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఈ దారిని మొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1993లో యునెస్కో జాబితాలో చేరింది. అన్నీ గొప్ప విషయాలే. అయినా నాలుగు బాటలు కలిసే చోట, పొగమంచులో, మనిషిని తప్పిపోకుండా కాపాడేది మాత్రం ఆ పాదిరిగారి బాణమే. 2024లో కంపోస్టెలా తీసుకున్నవాళ్లు 5 లక్షలకు దగ్గర.

బస సంగతి. అల్బెర్గే అంటే యాత్రికుల సత్రం. శాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతపు ప్రభుత్వ సత్రాల్లో మంచానికి పది యూరోల చుట్టుపక్కల తీసుకుంటారు, ముందస్తు బుకింగ్ ఉండదు. వంటగదిలో పొయ్యి ఉంటుంది, గిన్నెలే ఉండవు! అన్నం లేనిదే గడవనివాళ్లు తేలికపాటి గిన్నె ఒకటి మోసుకెళ్లడం మేలు. శాకాహారులు గలీసియా సూప్ జోలికి వెళ్లొద్దు, అందులో పంది కొవ్వు వేస్తారు. మంచం ఎక్కేముందు పరుపు కుట్లలో నల్లుల మరకలు ఉన్నాయేమో చూడండి.

చర్చిలు నడిపే సత్రాల్లో చాలాచోట్ల రేటు ఉండదు, కానుక పెట్టె ఉంటుంది. మా దారికి వెనకాల, రియోహా ప్రాంతంలోని గ్రానియోన్ చర్చిలో అయితే పెట్టె తెరిచే ఉంటుంది. పెట్టగలిగింది పెట్టు, అవసరమైతే తీసుకో అని దాని మీద రాసి ఉంటుంది. దీన్ని ఉచితం అనుకునేవాళ్ల వల్లే ఇలాంటి చోట్లు మూతపడతాయి. పడక, రాత్రి భోజనం, పొద్దుటి కాఫీ అందుకున్నాక 15-20 యూరోలైనా వేయడం మర్యాద.

క్రెడెన్షియల్ అనే యాత్రికుల పుస్తకంలో చివరి 100 కిలోమీటర్లకూ రోజుకు రెండు ముద్రలు పడాలి. చర్చిలో ఒకటి, కాఫీ కొట్లో ఒకటి వేయించుకుంటే సరి. ఈ భాగంలో బస్సెక్కితే లెక్క పోతుంది. పోర్టోమరీన్‌లో ఆగినప్పుడు చర్చి గోడ దగ్గరికి వెళ్లి చూడండి, కొన్ని రాళ్ల మీద అంకెలు ఇంకా కనిపిస్తాయి. 1960ల్లో ఆనకట్ట నీళ్లలో పాత ఊరు మునిగిపోతుంటే, అంకెలు వేసి రాయి రాయీ విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు.

కతీడ్రల్‌లోకి సంచులు రానివ్వరు. యాత్రికుల పూజకు ముందుగా వెళ్తేనే చోటు దొరుకుతుంది. 53 కిలోల పెద్ద ధూపపాత్రను ఎనిమిది మంది తాళ్లతో ఊపుతారు కానీ అది రోజూ ఉండదు, ఎక్కువగా పండగలకే. మన తెలుగు క్రైస్తవుల్లో బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు, ఇలా కథోలికులు కానివాళ్లు చాలామంది. సత్ప్రసాదం, అంటే పూజలో పంచే రొట్టె, కథోలికులకే ఇస్తారు కాబట్టి ఆ వరసలో నిలబడకపోవడం మంచిది, దీవెన మాత్రం అందరికీ ఉంటుంది. పునీత యాకోబు పండగ జులై 25 ఆదివారం పడితే పవిత్ర సంవత్సరం. 2027లో అలాగే పడుతోంది, జనం ఎక్కువగా వస్తారు కాబట్టి స్పెయిన్‌కు కావలసిన షెంజెన్ వీసా పని చాలా ముందే మొదలుపెట్టాలి.

నడిచి వచ్చాక కొందరు ఒస్పితలేరోలుగా, అంటే సత్రాల్లో యాత్రికులకు సేవ చేసే స్వచ్ఛంద కార్యకర్తలుగా, తిరిగి వెళ్తారు. ముందు చిన్న శిక్షణ ఉంటుంది, ఆ తర్వాత రెండు వారాల వంతు. జీతం లేదు, ప్రయాణం ఖర్చూ సొంతమే. మరుగుదొడ్లు కడగడం, ఇరవై మందికో ముప్ఫై మందికో వండడం, బొబ్బలకు కట్లు కట్టడం పని. అడిగే అర్హత, తానూ ఒకసారి యాత్రికుడిగా నడిచి ఉండడం.