పూరీలా ఉబ్బిన కెపాసిటర్

ఒకప్పుడు నెల్లూరులో రూపాయి బిళ్ల వేసి ఆడిన వీడియో గేమ్ పెట్టె ఇప్పుడు మా వరండాలో ఉంది. ఆట మొదలవగానే ఆగి, మళ్లీ మొదటికొచ్చేది. మూడు రోజులు గేమ్ బోర్డునే అనుమానించా, పాపం!

నిన్న రాత్రి మీటరు పెడితే తెలిసింది. బోర్డు తీసేస్తే శుభ్రంగా 5 వోల్టులు, తగిలిస్తే 4.5, అది చాలకే ఆట ఆగిపోతోంది. బోర్డుకు కరెంటిచ్చే పవర్ సప్లై విప్పా. రెండు కెపాసిటర్ల (కరెంటును కాసేపు దాచి, వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాల) నెత్తి పూరీలా ఉబ్బింది, ఒకదాని కింద గోధుమరంగు మరక. (ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, తొందరపడి వేలు పెట్టకండి.)

స్టోన్‌హౌస్‌పేటలో రేడియోలు బాగుచేసే పెద్దాయన 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే కొత్త కెపాసిటర్లు ఇచ్చి, "దీనికి మూడు రోజులేంది అబ్బయ్యా?" అన్నాడు.

అవి మార్చాక ఇప్పుడు బోర్డు తగిలించినా 5.02 వోల్టులు. అమ్మ అప్పుడే రెండు ఆటలు ఓడింది.