ఆలస్యం పూణెలో మొదలవదు

"మీవాళ్ళు దేనికైనా తలూపేస్తారు. కాదని ముందే చెబితే మా డేట్లు తప్పవు కదా!" మాంట్రియల్లో ఒక మీటింగులో అందరి ముందూ ఒక ప్రొడ్యూసర్ అన్న మాట ఇది. మీవాళ్ళంటే పూణెలోనూ బెంగుళూరులోనూ కూర్చుని వీళ్ళ వీడియో గేములకి బొమ్మలు చేసి పంపే టీములు. ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చిన నాలాంటి తెలుగువాడికి పూణె ఎంత దూరమో ఆయనకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. మాట మాత్రం నాకే తగిలింది.

అందులో నిజం లేకపోలేదు. అడిగింది పైవాడైతే మొహం మీద కాదనలేం. బరంపురం నుంచి గుణుపురం దాకా అందరం అలా పెరిగినవాళ్ళమే. కానీ ఆ తలూపడం వల్లే పెద్ద పెద్ద స్టూడియోలు మునుగుతున్నాయంటే ఒప్పుకోబుద్ధి కాదు. పని ఎలా జరుగుతుందో చెబితే మీకే తెలుస్తుంది.

ఒక పాత్ర వేసుకునే కవచం తీసుకోండి. మాంట్రియల్ నుంచి కాన్సెప్ట్ బొమ్మ, అంటే అది ఎలా ఉండాలో చూపే చిత్రం, వస్తుంది. దాన్ని త్రీడీలో చెక్కే సాఫ్ట్‌వేర్ జీబ్రష్‌లో లక్షల పాలిగన్లతో, అంటే చిన్న చిన్న పలకలతో, చెక్కుతారు. అంత బరువు గేము మోయలేదు కాబట్టి దానిమీద తక్కువ పలకలున్న తేలికపాటి మెష్ మళ్ళీ కడతారు. యూవీ విప్పుతారు (రంగు వెయ్యడానికి పైభాగాన్ని కాగితంలా పరచడం), నార్మల్ మ్యాప్ బేక్ చేస్తారు (చెక్కిన వివరాలు తేలిక మెష్ మీద కనబడేలా దింపడం), రంగూ తుప్పూ గీతలూ వేస్తారు, ఎముకల గూటికి తగిలించి ఏ కీలు దగ్గర ఎంత వంగాలో వెయిట్లు దిద్దుతారు. ముఖ్యపాత్రదైతే నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ప్రతి దశలోనూ అవతలివాళ్ళు చూసి సరే అనాలి. రెండు ఊళ్ళకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. ఒక్క సందేహం అడిగితే ఒక రోజు పోయినట్టే.

ఇంతా అయ్యాక కొత్త ఆర్ట్ డైరెక్టర్ వచ్చి భుజాలు ఇంకాస్త వెడల్పుండాలంటాడు. ఆయనకి అది ఒక వాక్యం. పూణెలో చెక్కడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. బేక్ పోయింది, వెయిట్లు పోయాయి, చెయ్యి పైకెత్తితే కవచం మెడలోకి గుచ్చుకుంటోంది, అదే గూటి మీద కుట్టిన మిగతా దుస్తులన్నీ ఒకసారి చూసుకోవాలి. ఒప్పందంలో రెండో మూడో సవరణలకే డబ్బుంటుంది. అంతకు మించితే విడిగా బిల్లు వెయ్యొచ్చు. వేస్తే వచ్చే ప్రాజెక్టు వేరేవాళ్ళకి పోతుందని భయపడి పూణెలో లీడ్ "చేసేస్తాం" అంటాడు. శనాదివారాలు పోతాయి. ప్రొడ్యూసర్ చెవిన పడేది ఆ మాట ఒక్కటే. భుజాల గురించి అడిగిందెవరో మీటింగు నోట్సులో ఉండదు.

ఇప్పుడు పైవాళ్ళ సంగతి. ఈఏ అనే పెద్ద గేము కంపెనీ కింద ఉన్న బయోవేర్ స్టూడియో వాళ్ళ ఆంథమ్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది. దాదాపు ఏడేళ్ళు సాగిన ఆ గేము అసలు తయారీ చివరి ఏడాది, ఏడాదిన్నరలోనే జరిగిందని ఆ ఏప్రిల్‌లో జేసన్ ష్రయర్ అనే విలేఖరి గేముల వార్తల సైటు కొటాకులో బయటపెట్టాడు. పేరే చూడండి. 2017లో ఈ3 అనే గేముల ప్రదర్శనకి కొద్ది రోజుల ముందు దాకా అది 'బియాండ్'. ఆ పేరుతో టీషర్టులు కూడా అచ్చయ్యాక మార్చారు.

పేరు పోనీ, ఎగరడం సంగతి మరీ ఘోరం. ఆటగాడు ఎగరాలా వద్దా అన్నది ఏళ్ళ తరబడి తేలలేదు. పెట్టారు, తీసేశారు, మళ్ళీ పెట్టారు. చివరికి అప్పటి ఈఏ పెద్దల్లో ఒకరైన ప్యాట్రిక్ సోడర్లుండ్‌కి చూపించే డెమోలో ఎగిరితే ఆయనకి నచ్చింది, అప్పుడు ఖాయమైంది. బయటివాళ్ళకి ఇది ఒక మీటతో అయ్యే పనిలా కనిపిస్తుంది. మనిషి సెకనుకి ఆరు మీటర్లు పరిగెడతాడనుకోండి, ఎగిరితే ముప్ఫై. అంటే ముందున్న కొండా చెట్టూ డిస్కు నుంచి మెమరీలోకి అయిదింతల వేగంతో రావాలి, రాకపోతే కళ్ళముందే గాల్లోంచి ఊడిపడతాయి. ఎత్తు నుంచి చూస్తే ఎక్కువ దూరం కనబడుతుంది, దూరపు వస్తువులకి తేలిక రూపాలు ఇంకా చెయ్యాలి. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకీ 33 మిల్లీసెకన్లే, ఇదంతా అందులోనే ఇమడాలి. దారికి అడ్డంగా కట్టిన గోడ ఇప్పుడు అడ్డం కాదు. శత్రువు ఎంత దూరం నుంచి కాల్చాలో మళ్ళీ లెక్క కట్టాలి. ఇలా పెట్టీ తీసీ చేసిన ప్రతిసారీ మ్యాపు గీసేవాళ్ళు చేసిందంతా బుట్టదాఖలే.

దానికితోడు ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్, అంటే గేముని నడిపించే సాఫ్ట్‌వేర్. బ్యాటిల్‌ఫీల్డ్ లాంటి కాల్పుల ఆటల కోసం ఈఏ వాళ్ళదే ఇంకో స్టూడియో డైస్ కట్టుకున్నది. బయోవేర్ తరహా ఆటకి కావలసిన సరంజామా చాలా భాగం సొంతంగా కట్టుకోవలసి వచ్చింది. చిక్కొచ్చి సాయం అడిగితే, ఆ ఇంజిన్ తెలిసినవాళ్ళు ఫుట్‌బాల్ గేము ఫిఫా పనిలో ఉండేవారు, డబ్బు అక్కడ ఎక్కువ కాబట్టి. ఎలాగో ఆఖర్లో అంతా కుదురుతుందని లోపల ఒక నమ్మకం ఉండేదట, దానికి 'బయోవేర్ మ్యాజిక్' అని పేరు కూడానూ. ఇందులో తలూపినవాళ్ళు ఏ దేశంవాళ్ళు?

మన దగ్గర జరిగిందీ చెప్పాలి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్ రీమేకుని ఫ్రెంచి గేము కంపెనీ యూబీసాఫ్ట్ తన పూణె, ముంబై స్టూడియోలకి ఇచ్చింది. 2020 సెప్టెంబరులో ట్రైలర్ వచ్చినప్పుడు బొమ్మలు పాతగా ఉన్నాయని అందరూ వెక్కిరించారు. నిజంగానే బాగాలేదు. 2021 జనవరి అన్నది మార్చి అయింది, తర్వాత తేదీయే లేదు. 2022 మేలో పనంతా మాంట్రియల్‌కి తీసుకుపోయారు. భారతీయుల వల్ల కాలేదన్న గుసగుస అప్పట్నుంచీ ఉంది. సరే, పెద్దవాళ్ళ చేతికే వెళ్ళింది కదా, పూర్తయిందా? 2026 జనవరిలో ఏకంగా రద్దు చేసేశారు. తలూపేవాళ్ళు లేకపోయినా మూడున్నరేళ్ళకి పైగా పట్టింది, గేము మాత్రం రాలేదు. అదే కంపెనీ సింగపూర్ స్టూడియో ఓడల ఆట స్కల్ అండ్ బోన్స్‌ని 2017లో ప్రకటించి 2024 ఫిబ్రవరికి బయటికి తెచ్చింది.

బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి ఎన్ని వీధులు, ఎన్ని రథాలు, ఎంత గొడవ! అయినా యాత్ర పెద్ద దేశి బెహరా ఇంట మాట ఖాయమయ్యాక ఇక తిరకాసు లేదు, ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. ఈ స్టూడియోల్లో మూడొందలమంది జీతగాళ్ళున్నచోట ఆ ఒక్క మాట ఎవరిదో తేలదు. క్రియేటివ్ డైరెక్టర్ ఒకటంటాడు, పబ్లిషర్ పంపిన మార్కెటింగ్ వాళ్ళు ఇంకొకటంటారు. మనిషికి నెలకి పదివేల డాలర్లన్నది ఈ రంగంలో పాత లెక్క, ఇప్పుడు ఇంకా ఎక్కువే. పాత లెక్కనే వేసినా మూడొందలమందికి నెలకి ముప్ఫై లక్షల డాలర్లు. ఎగరాలా వద్దా అని ఆర్నెల్లు ఊగిసలాడితే కోటీ ఎనభై లక్షలు గాలికి.

ఆ లెక్క చివరికి కింద ఉన్నవాళ్ళ మీదే పడుతుంది. సోనీ వాళ్ళ కాంకర్డ్ గేము 2024 ఆగస్టు 23న 40 డాలర్ల ధరతో వచ్చింది, పోటీ ఆటలు చాలావరకు ఉచితంగా దొరుకుతున్న రోజుల్లో. సెప్టెంబరు 6న ఆపేసి డబ్బులు వెనక్కిచ్చారు. అక్టోబరు చివర్లో దాన్ని చేసిన స్టూడియోనే మూసేశారు. బాగా ఆడినా గ్యారంటీ లేదు. హై-ఫై రష్‌ని అందరూ మెచ్చుకున్నా, 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ గేము చేసిన టాంగో స్టూడియోని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు కొన్ని నెలల ముందే 68.7 బిలియన్ డాలర్లు పోసి గేముల కంపెనీ యాక్టివిజన్‌ని కొన్న కంపెనీ అది.

మన పిల్లలు, పర్లాకిమిడిలోనో రాయగడలోనో యానిమేషన్ కోర్సు చేసి ఇటు రావాలనుకునేవాళ్ళు, ఇంటర్వ్యూలో కొన్ని అడగండి. క్రియేటివ్ డైరెక్టర్ ఆ కుర్చీలో ఎన్నాళ్ళుగా ఉన్నాడు? వర్టికల్ స్లైస్, అంటే పది ఇరవై నిమిషాలు పూర్తి నాణ్యతతో ఆడగలిగే ముక్క, తయారైందా? రెండేళ్ళ తర్వాత కూడా ట్రైలర్ మాత్రమే ఉందంటే అనుమానించండి. పనిలో చేరాక ఎవరైనా మార్పు అడిగితే ఔననకండి, కాదనీ అనకండి. "చేస్తాను, దీనికి బదులు ఏది ఆపమంటారు?" అని మెయిల్లో అడగండి. మాటగా వద్దు.

కాగితాల సంగతి కూడా. అమెరికాలో హెచ్-1బీ వీసా మీదుంటే ఉద్యోగం పోయిన రోజు నుంచి అక్కడ ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు. కెనడాలో యజమాని పేరున్న పర్మిట్ అయితే గడువు దాకా ఉండొచ్చు గానీ వేరేచోట పనికి మళ్ళీ కాగితాలు కావాలి. మాంట్రియల్లో అద్దె ఒప్పందాలు ఎక్కువగా జూలై 1న మొదలై జూన్ 30కి ముగుస్తాయి. కోతలు జనవరిలో పడితే ఆర్నెల్ల అద్దె ఇంకా మీ నెత్తినే ఉంటుంది, ఆ డబ్బు మొదటి ఏడాదే పక్కన పెట్టండి.