ఐర్లండ్‌లో పెరిగే పిల్లలతో అబార్షన్ చట్టం గురించి

ఐర్లండ్‌లో చదివే మన పిల్లలు సెకండరీ స్కూలు దాటేలోపు, 2012లో అక్కడి ఆస్పత్రిలో చనిపోయిన గర్భిణి సవిత హలప్పనవర్ పేరు ఎక్కడో ఒకచోట వింటారు. ఇంటికొచ్చి అడుగుతారు. "ఇప్పుడవన్నీ ఎందుకు" అని దాటేస్తే మళ్లీ మనల్ని అడగరు. అడిగిన రోజే మాట్లాడండి. అయితే ముందు రెండు ప్రశ్నల్ని విడదీయాలి. అబార్షన్ తప్పా ఒప్పా అన్నది ఒకటి. దాని నియమాలు రాజ్యాంగంలో ఉండాలా, మామూలు చట్టంలో ఉండాలా అన్నది రెండోది. ఈ రెండూ కలిసిపోతే ఇంట్లో గొడవే మిగులుతుంది.

1983 రెఫరెండంతో (ప్రజలే నేరుగా వేసే ఓటుతో) తల్లి ప్రాణానికీ కడుపులోని బిడ్డ ప్రాణానికీ సమాన హక్కు అన్న వాక్యం ఐరిష్ రాజ్యాంగంలోకి వచ్చింది. నిషేధం 1861 నాటి చట్టంలో ఎలాగూ ఉంది. రేపు కోర్టులైనా పార్లమెంటైనా దాన్ని సడలించకూడదని రాజ్యాంగానికి ఎక్కించారు. ఆ భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసి చెప్పకండి.

చిక్కు ఆస్పత్రి వార్డులో వచ్చింది. ప్రాణానికి ఎంత ప్రమాదముంటే డాక్టరు ముందుకెళ్లొచ్చో ఆ వాక్యం చెప్పదు. 1992లో అత్యాచారానికి గురైన 14 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆత్మహత్య ప్రమాదం కూడా ప్రాణాపాయమేనని సుప్రీంకోర్టు తేల్చింది. దానికి తగ్గ చట్టం 2013 దాకా రాలేదు. ఈలోగా 2012 అక్టోబరులో, 17 వారాల గర్భంతో గాల్వేలో ఆస్పత్రిలో చేరిన సవితకు గర్భం నిలవదని తెలిసింది. పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చేయలేదు. ఆమె సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితితో) 28న చనిపోయింది. ఇన్‌ఫెక్షన్‌ను కనిపెట్టడంలో లోపాలున్నాయని విచారణల్లో తేలింది. పిల్లలకు రెండూ చెప్పాలి, ఒక్కటే చెబితే సగం నిజమవుతుంది.

2018 మే 25 రెఫరెండంలో 66.4 శాతం ఓట్లతో ఆ వాక్యం పోయింది. గర్భవిచ్ఛిత్తిని చట్టం ద్వారా నియంత్రించవచ్చు అన్న ఒక్క మాట దాని చోట చేరింది. వారాలూ షరతులూ అన్నీ 2018 చట్టంలోనే ఉన్నాయి. 12 వారాల వరకు కారణం అడగరు, కానీ డాక్టరు ధ్రువీకరించాక 3 రోజులు ఆగాలి. ఆ తర్వాతైతే తల్లి ప్రాణానికి ప్రమాదమో ఆరోగ్యానికి తీవ్ర హానో ఉండాలి. లేదా బిడ్డ కడుపులోనో, పుట్టిన 28 రోజుల్లోపో చనిపోయే పరిస్థితి ఉండాలి. వైద్యం మారితే మారాల్సిన ఇలాంటి అంకెలు చట్టంలో ఉండటమే సరైనదని నా గట్టి నమ్మకం.

ఇండియా సంగతి వచ్చినప్పుడు పిల్లలు తరచూ ఒక పొరపాటు పడతారు. 1994 చట్టం స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడాన్ని నిషేధించింది. దాన్ని విని అక్కడ అబార్షనే నిషేధమనుకుంటారు. నిజానికి 1971 నుంచే షరతులతో అనుమతి ఉంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరి అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. భారత రాజ్యాంగంలో అబార్షన్ ఊసే లేదు. 2009లో సుప్రీంకోర్టు, బిడ్డను కనాలా వద్దా అని తేల్చుకునే స్త్రీ హక్కును 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది.

చట్టానికి వదిలేయడంలో నష్టమూ ఉంది, దానికి మన పిల్లల పౌరసత్వమే ఉదాహరణ. ఐర్లండ్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉన్న పౌరసత్వ హక్కును 2004 రెఫరెండం కుదించి, షరతులను మామూలు చట్టానికి వదిలింది. ఇప్పుడు విదేశీ తల్లిదండ్రుల బిడ్డకు ఐరిష్ పౌరసత్వం రావాలంటే, మామూలుగా వాళ్లలో ఒకరు పుట్టుకకు ముందు 4 ఏళ్లలో 3 ఏళ్లు అక్కడ చట్టబద్ధంగా ఉండాలి. ఆ 3 ఏళ్లను రేపు పార్లమెంటు మామూలు బిల్లుతో 5 చేయగలదు.

రెఫరెండంలో ఓటు ఐరిష్ పౌరులకే. స్టాంప్ 4 (పౌరులు కానివారికిచ్చే నివాస అనుమతి) మీద ఉన్న అమ్మానాన్నలు వేయలేరు, 18 నిండిన ఐరిష్ పౌరులైన పిల్లలు వేస్తారు. 16 ఏళ్లకే ముందస్తు నమోదు చేయించవచ్చు, పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవల గుర్తింపు సంఖ్య), ఎయిర్‌కోడ్ (ఇంటి పోస్టల్ కోడ్) దగ్గర పెట్టుకోండి.