పాత బొగ్గు స్టవ్ కిటికీకి కాకిబంగారం రేకు: ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి

అమెరికాలో 19వ శతాబ్దం చివర ఇళ్లను వెచ్చగా ఉంచిన బేస్ బర్నర్ స్టవ్‌ల (పై గొట్టంలోంచి బొగ్గు తనంతట తానే నిప్పులోకి జారే స్టవ్‌ల) అందమంతా కిటికీల్లోనే ఉంటుంది. లోపల పెన్సిల్వేనియా ఆంత్రసైట్ అనే గట్టి రకం బొగ్గు దాదాపు పొగ లేకుండా నీలి మంటతో కాలుతుంటే, పోత ఇనుప తలుపుల్లోంచి ఆ వెలుగు గదిలోకి పడుతుంది. ఆ కిటికీలకు ఉండేది గాజు కాదు, అభ్రకం. మనం కాకిబంగారం అంటామే, అదే. అక్కడివాళ్లు దాన్ని ఐసింగ్లాస్ అనేవారు. నిజానికి ఆ పేరు చేప గాలితిత్తి నుంచి తీసే పదార్థానిది.

ఈ స్టవ్‌లను బాగుచేసి వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత రేకు చిరిగిందని మామూలు గాజు పెడితే, ఒకపక్క వేడి, ఒకపక్క చల్లదనం తగిలి ఫట్‌మని పగులుతుంది. అభ్రకం వేడికి పెద్దగా వ్యాకోచించదు, పలచన కాబట్టి వంగుతుంది. కొత్త బొగ్గు వేశాక పేరుకున్న వాయువు ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు కూడా ఉబ్బి మళ్లీ యథాస్థితికి వస్తుంది.

కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, మైక్రోవేవ్ ఓవెన్‌కి అమ్మే మైకా షీటు తెప్పించుకోవడం. అది అభ్రకపు పొడిని జిగురుతో అదిమి చేసిన అట్ట. వెలుగు దాటదు, వేడికి జిగురు మాడి కంపు కొడుతుంది. అడగాల్సింది సహజమైన మస్కొవైట్ (పారదర్శకంగా ఉండే రకం అభ్రకం) రేకు, మచ్చలేని రకం, మందం 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు. మస్కొవైట్ 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. ఫ్లోగోపైట్ అనే మరో రకం అభ్రకం అంతకన్నా ఎక్కువ వేడికి ఆగుతుంది కానీ గోధుమరంగు కాబట్టి మంట మసకగా కనిపిస్తుంది. మన నెల్లూరు సీమ గూడూరు ప్రాంతపు అభ్రకానికి లేత పచ్చ ఛాయ, జార్ఖండ్‌లోని కోడర్మా రూబీ రకానికి లేత ఎరుపు ఛాయ ఉంటాయి. ఇంత పలచని రేకులో ఆ తేడా కంటికి ఆనదు, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

రేకు చేతికొచ్చాక ముందు తూకం వేయండి. 10 × 15 సెంటీమీటర్ల రేకు 0.15 మిల్లీమీటర్ల మందంతో ఉంటే 6.3 గ్రాములు తూగాలి. 4 గ్రాములే ఉంటే మందం 0.1 దగ్గరే ఉన్నట్టు. తర్వాత వెలుతురుకు అడ్డంగా పట్టి వాలుగా చూడండి. ఇంద్రధనుస్సు రంగుల వలయాలు కనిపించిన చోట పొరలు విడి, మధ్యలో గాలి చేరిందన్నమాట. అది అంచున ఉంటే కత్తిరించేయవచ్చు, నడిమధ్యన ఉంటే వేడికి ఇంకా విచ్చుకుంటుంది, వెనక్కి పంపండి.

వేడి పరీక్షకు రేకు మూల నుంచి చిన్న ముక్క చాలు. పటకారుతో పట్టుకుని, గ్యాస్ మంట కొసకు నాలుగు వేళ్ల ఎత్తున ఒక నిమిషం ఉంచండి. పొగ, వాసన రాకూడదు, రంగు మారకూడదు. నేరుగా మంటలో పెట్టి తీర్పు చెప్పొద్దు, అక్కడ మేలిమి రేకు కూడా వెండిలా తెల్లబడి ఉబ్బుతుంది.

పోత ఇనుప చట్రాలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ప్రతి గడికీ విడిగా కాగితం నమూనా తీసి, దానికన్నా అన్ని వైపులా 1 మిల్లీమీటరు తగ్గించి పదునైన కత్తెరతో కోయండి. మొద్దు కత్తెరైతే అంచు పొరలుగా చీలుతుంది. స్క్రూలు రేకు కదలకుండా ఉండేంత మటుకే బిగించాలి. గట్టిగా తిప్పితే వేడెక్కిన చట్రం లాగినప్పుడు రేకు మూల దగ్గర చిరుగుతుంది. పాత చట్రంలో తెల్లటి పీచులాంటి ప్యాకింగ్ ఉంటే గోకొద్దు, అది ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని తీయించే పని తెలిసినవాళ్లకు వదిలేయండి.

స్టవ్ రాజేశాక వెలిగించిన అగరుబత్తిని చట్రం చుట్టూ తిప్పండి. పొగ లోపలికి లాగేసుకుంటున్న చోట సందు ఉంది. ఆ గాలి నిప్పు పైకి చేరి చిమ్నీని చల్లార్చి, పొగలాగే బలాన్ని తగ్గిస్తుంది. పొగ గదివైపు నెట్టుకొస్తే మాత్రం రేకు సంగతి తర్వాత, ముందు చిమ్నీ చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఈ స్టవ్ వెలిగించనే కూడదు.

రేకు మీద పేరుకునే తెల్లటి బూడిదను స్టవ్ పూర్తిగా చల్లారాక, నీళ్లు కలిపిన వెనిగర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో ఒత్తకుండా తుడవండి. పీచు తగిలిస్తే గీతలు పడతాయి. శీతాకాలం అయిపోగానే లోపలి బూడిదంతా తీసేయండి. బొగ్గు బూడిదలోని గంధకం వానాకాలపు తేమతో కలిస్తే ముందు తుప్పు పట్టేది చట్రపు స్క్రూలకే, ఆపైన రేకు మార్చాలన్నా అవి ఊడి రావు.