మా మండలంలో ఐటీఐకి అఫిలియేషన్ తెచ్చుకున్న అనుభవం

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ చూసినవాణ్ణి నేను. అక్కడ మోటారు కాలిందంటే రీవైండింగ్‌కి ఒంగోలు పంపాలి. ప్యానెల్ బోర్డు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే ఎందుకో చూసే మనిషి దొరకడు. అదే మండలంలో పదో తరగతి పాసై పనీపాటా లేక తిరుగుతున్న పిల్లలు మాత్రం కావలసినంత మంది. అందుకే 2022లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఇద్దరు ఫ్యాక్టరీ యజమానులను వెంటబెట్టుకొని వచ్చి, "ఒరే, మనమే ఒక ఐటీఐ పెడదాం, నువ్వు దగ్గరుండి చూసుకో" అంటే మారు మాట్లాడకుండా సరేనన్నాను. మాలాగే ఊళ్ళల్లో ఐటీఐ పెడదామనుకునేవాళ్ళు ఇప్పుడు నాకు ఫోన్లు చేస్తున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఎవరి చేతిలో ఏముందో తెలియాలి. చాలామంది పర్మిషన్ అంతా రాష్ట్రమే ఇస్తుందనుకుంటారు. ఐటీఐలు నడిచేది 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కింద. గది ఎంత ఉండాలి, ఏ మెషీన్లు ఉండాలి, పాఠం ఎవరు చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి అన్నవన్నీ కేంద్రంలోని డీజీటీ (శిక్షణ డైరెక్టరేట్ జనరల్) నిర్ణయిస్తుంది. 2015 నుంచి అది కార్మిక శాఖను వదిలి నైపుణ్యాభివృద్ధి శాఖ కిందికి వచ్చింది. తనిఖీలు, అడ్మిషన్లు, రోజువారీ అజమాయిషీ మన రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ చూస్తుంది. వృత్తి శిక్షణకు జాతీయ మండలి అయిన 1956 నాటి ఎన్‌సీవీటీ స్థానంలో 2020 నుంచి ఎన్‌సీవీఈటీ అనే కొత్త మండలి పనిచేస్తోంది. అయినా జనం నోట్లో నలిగింది పాత పేరే. అడ్మిషన్‌కి వచ్చిన ప్రతి తండ్రీ మొట్టమొదట అడిగేది "సార్, సర్టిఫికెట్ ఎన్‌సీవీటీదేనా?" అనే. వాళ్ళు అడగడంలో న్యాయం ఉంది. రైల్వే అయినా, అప్రెంటిస్ అయినా, కరెంటు ఉద్యోగమైనా ముందు చూసేది అదే.

ఐటీఐ నడపడానికి పెట్టుకున్న సొసైటీ రిజిస్ట్రేషన్ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సులువుగానే అయిపోయింది. స్థలం మాస్టారుదే. ఆయన దాన్ని సొసైటీ పేరిట రిజిస్టర్ చేయించారు. ఈసీ (స్థలం మీద తాకట్టు లాంటివి ఉన్నాయో లేవో చూపే కాగితం), ప్లాన్ అప్రూవల్, చివర్లో బిల్డింగ్ పూర్తయినట్టు సర్టిఫికెట్. ఈ కాగితాలన్నిటిలో సొసైటీ పేరు, సర్వే నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. అది చూసుకుంటే ఇక్కడ పెద్ద టెన్షన్ లేదు.

అసలు పని బిల్డింగ్ దగ్గర మొదలైంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి వర్క్‌షాప్ 98 చదరపు మీటర్లు ఉండాలి, ఫిట్టర్‌కి 88. మా మేస్త్రికి మీటర్లతో పనిలేదు, అన్నీ అడుగుల్లోనే. 98 మీటర్లంటే సుమారు 1,055 చదరపు అడుగులు. ఆయన లెక్కేసి 46 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పున ముగ్గు పోశాడు. గుణిస్తే 1,058 వస్తుంది, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ ముగ్గు గోడ బయటి అంచుకి. తొమ్మిది అంగుళాల గోడ నాలుగు వైపులా లోపలికి వస్తే మిగిలేది నలభై నాలుగున్నర, ఇరవై ఒకటిన్నర. అంటే 89 చదరపు మీటర్లకు కొంచెం తక్కువే. ఇంకా ప్లాస్టరింగ్ లెక్కలోకి రాలేదు. "మేస్త్రీ, తనిఖీకి వచ్చినవాళ్ళు టేపు లోపల పెడతారయ్యా" అని చెప్పి, లోపలి కొలత 47, 23 వచ్చేలా ముగ్గు మళ్ళీ పోయించాం. ఇలాగే గోడలన్నీ లేచాక కొలత తగ్గి, పక్క గది గోడ పగలగొట్టుకున్న సంస్థ ఒకటి నాకు తెలుసు. బిల్డింగ్ కట్టేవాళ్ళు పునాది తీయకముందే ఈ ఒక్క లెక్క చూసుకోండి.

ఏ ట్రేడులు పెట్టాలన్నది కూడా చివరికి కరెంటే తేల్చింది. ఎలక్ట్రీషియన్‌కి ఒక షిఫ్టులో రెండు యూనిట్లకు, అంటే రెండు బ్యాచిల పిల్లలకు, 5.2 కిలోవాట్లు చాలు. ఫిట్టర్‌కి 3.51. మా ప్రాంతంలో వెల్డర్లకు గిరాకీ బాగా ఉంది, పైగా అది ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనా చేరొచ్చు. బడి మధ్యలో మానేసిన పిల్లలకు అంతకంటే మంచి దారి లేదు. అయితే దానికి 16 కిలోవాట్లు కావాలి. ఆ లోడ్‌కి లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్ చూసి యజమానులిద్దరూ వెనక్కి తగ్గారు. నాకు మనసొప్పలేదు, కానీ చేతిలో ఉన్న డబ్బు అంతే. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ముందుపెట్టి దరఖాస్తుకు సిద్ధమయ్యాం. 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ ఉద్యోగాలు పడినప్పటి నుంచి ఎలక్ట్రీషియన్ అంటే పల్లెల్లో బాగా మోజు. స్తంభం ఎక్కే పరీక్షకు మా ఊరి కుర్రాళ్ళు పొలాల్లో స్తంభం పాతుకొని మరీ ప్రాక్టీసు చేశారు.

దరఖాస్తు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్ ఏడాది పొడవునా తెరిచి ఉండదు. తెరిచిన కొద్ది రోజుల్లోనే అన్నీ అప్‌లోడ్ చేయాలి. ముందు స్థలం, సంస్థ కాగితాలు చూస్తారు. ఆ దశ దాటాక బిల్డింగు, మెషీన్లు, కరెంటు, ఫొటోలు. ఆ తర్వాత జాయింట్ ఇన్‌స్పెక్షన్.

పనిముట్ల లిస్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎలక్ట్రీషియన్ యూనిట్‌కి 20 మంది. లిస్టులో కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్, టెస్టర్, ఎలక్ట్రీషియన్ కత్తి లాంటివాటి ఎదురుగా "20+1" అని ఉంటుంది. ఇరవై మందికి ఇరవై, ఇన్‌స్ట్రక్టర్‌కి ఒకటి. ఈ అంకె చూసి నాకు నిజంగా సంతోషమేసింది. నేను చదువుకునే రోజుల్లో నలుగురికి ఒక ప్లయర్. ముగ్గురం చూస్తుండగా ఒకడు వైరు తీసేవాడు, కోర్సు అయిపోయేసరికి పని వచ్చింది ఆ ఒక్కడికే. ఇక పెద్దవి: మెగ్గర్, క్లాంప్ మీటర్, డీఓఎల్ స్టార్టర్, స్టార్ డెల్టా స్టార్టర్, స్లిప్ రింగ్ మోటారు, డీసీ మోటార్లు, వైండింగ్ మెషీను, ఆర్మేచర్‌లో షార్ట్ పట్టే గ్రౌలర్. కొన్ని విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి, కొన్ని అంబాలా నుంచి తెప్పించాం.

"లిస్టు ప్రకారం మొత్తం సెట్ మేమే ఇచ్చేస్తాం" అనే డీలర్లు ఉంటారు. అలా ఒకాయన పంపిన శాంపిల్ ప్లయర్ పిడి ఇన్సులేషన్‌ని గోటితో లాగితే ఊడొచ్చింది. 230 వోల్టుల మీద పదహారేళ్ళ పిల్లాడు పట్టుకోవలసిన పనిముట్టు అది. వెనక్కి పంపేశాను. ఇంకొకడు ఫోన్ చేసి, తనిఖీ రోజుకి మెషీన్లు అద్దెకు తెచ్చి పెట్టి సాయంత్రానికి తీసుకెళ్ళిపోతానన్నాడు. మాస్టారు ఫోన్ నా చేతిలోంచి తీసుకొని, "నాయనా, మేం పిల్లలకు పని నేర్పడానికి పెడుతున్నాం" అని పెట్టేశారు. ఇలాంటి అద్దె మెషీన్ల వల్లే ఫ్యాక్టరీల వాళ్ళు ఐటీఐ సర్టిఫికెట్ చూపిస్తే పెదవి విరుస్తున్నారు. నష్టపోయేది చదివిన పిల్లవాడే.

డబ్బుంటే గోడలు లేస్తాయి, మెషీన్లు వస్తాయి. అన్నిటికంటే కష్టం ఇన్‌స్ట్రక్టర్లు దొరకడం. ఒక ట్రేడులో రెండు యూనిట్లుంటే ఇద్దరు కావాలి. వాళ్ళలో ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా, రెండోవారు ఐటీఐ లేదా అప్రెంటిస్ సర్టిఫికెట్ ఉన్నవారు. అనుభవం డిగ్రీకి ఒక ఏడాది, డిప్లొమాకి రెండు, ఐటీఐకి మూడు. వీటన్నిటి మీద ఇద్దరికీ సీఐటీఎస్, అంటే పని ఎలా నేర్పాలో ఇన్‌స్ట్రక్టర్లకు చెప్పే శిక్షణ, ఉండాలి. నిబంధన మంచిదే. పని తెలిసినవాళ్ళందరికీ పని నేర్పడం రాదు. నాతో పనిచేసిన గొప్ప వైండర్ ఒకాయన ఉన్నాడు, కాయిల్ చూసి టర్న్‌లు చెప్పేస్తాడు, కానీ పక్కవాడికి ఒక్క ముక్క చెప్పలేడు.

చిక్కల్లా, సీఐటీఎస్ చేసిన మనిషికి మా ఊరి ఐటీఐ ఇచ్చే జీతం ఆనదు. అది ఏడాది కోర్సు. మనవాళ్ళు ఎక్కువగా హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్ ఎన్‌ఎస్‌టీఐలకే (కేంద్రం నడిపే శిక్షణ సంస్థలకే) వెళ్తారు. ఏడాది సంపాదన వదులుకొని చదివినవాడు సర్కారు పోస్టు కోసమే చూస్తాడు, తప్పు పట్టలేం. మాకు నెల్లూరు వైపు నుంచి డిప్లొమా, సీఐటీఎస్ రెండూ ఉన్న ఒకాయన దొరికాడు, అదీ వాళ్ళ అత్తగారి ఊరు దగ్గరని. రెండో మనిషి కోసం ఇంకో దారి పట్టాం. మా ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్న ఐటీఐ కుర్రాణ్ణి సొసైటీ ఖర్చుతో హైదరాబాద్ పంపాం. అతను చదివినన్నాళ్ళూ ఇంటికి సగం జీతం పంపాం. తిరిగొచ్చి మూడేళ్ళు ఇక్కడే చెప్పాలన్నది ఒప్పందం. యజమానులు మొదట గునిశారు. అతని తల్లి మా దగ్గరికొచ్చి, "అయ్యా, నెల తిరిగేసరికి మీరు డబ్బు పంపుతామంటేనే పిల్లాణ్ణి పంపుతా, లేకపోతే ఇల్లు గడవదు" అని తెగేసి చెప్పింది. ఆమె చెప్పినదాంట్లోనే మొత్తం విషయం ఉంది. పంపాం, అతను వచ్చాడు, ఇప్పుడు మా దగ్గర అందరికంటే బాగా చెప్పేది అతనే.

ఇన్‌స్పెక్షన్‌కి రాష్ట్ర శాఖ నుంచి, కేంద్రం ప్రాంతీయ కార్యాలయం నుంచి అధికారులు వచ్చారు. టేపు లోపలి గోడకే ఆనించారు. ప్లయర్లు బల్ల మీద పరిచి లెక్కపెట్టారు. బిల్లుల మీది సీరియల్ నంబర్లు మెషీన్ ప్లేట్ల మీది నంబర్లతో సరిచూశారు. ఎర్త్ పిట్ మూత తీయించారు. తర్వాత ఒక పెద్దాయన డీసీ షంట్ మోటారు నడపమన్నారు. త్రీ పాయింట్ స్టార్టర్ హ్యాండిల్ మెల్లగా జరుపుతూ మా నెల్లూరాయన స్టార్ట్ చేశాడు. ఆ పెద్దాయన సంతకం పెట్టి వెళ్ళిపోకుండా, "ఇప్పుడు ఫీల్డ్ రెసిస్టెన్స్ పెంచితే స్పీడు ఏమవుతుందో నాకు చెప్పొద్దు, టెన్త్ పాసైన పిల్లాడికి ఎలా చెప్తారో చెప్పండి" అన్నారు. మావాడు రియోస్టాట్ జరిపి, టాకోమీటర్ ఆయన చేతికిచ్చి, "ముందు మీరే చూసి రాసుకోండి సార్, ఎందుకో ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ పెద్దాయన నవ్వి, రీడింగులు నిజంగానే రాసుకున్నారు. ఆ ప్రశ్న చెక్‌లిస్టులో లేదు. ఉంటే బాగుండును.

కొన్ని చిన్న లోపాలు రాశారు, సరిచేసి ఫొటోలు పెట్టాం. అఫిలియేషన్ వచ్చింది. ఆగస్టు సెషన్‌కి కౌన్సెలింగ్‌లో సీట్లు నిండాయి.

నడపడం వేరే కథ. 2022 సిలబస్ ప్రకారం ఏడాదికి 1,200 గంటలు. అందులో మొదటి ఏడాది ప్రాక్టికల్ 840, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి. మా వైపు పొగాకు కోతల సీజన్ వస్తే బెంచీలు ఖాళీ అవుతాయి. కూలి డబ్బు ఇంటికి అవసరమే, కాదనలేం. అందుకే ఆ నెలల్లో పొద్దున్నే క్లాసులు పెట్టి మధ్యాహ్నానికి వదిలేస్తున్నాం, మిగిలిన గంటలు తర్వాత పూడుస్తున్నాం. పాస్ మార్కులు థియరీకి 33, ప్రాక్టికల్‌కి 60 శాతం. పనిలో 60 రావాలంటే చెయ్యి తిరగాలి, చెయ్యి తిరగాలంటే రోజూ రావాలి. తల్లిదండ్రులకు మేం చెప్పేది ఇదే.

డబ్బు సంగతి. ప్రైవేటు ఐటీఐకి జీతాల గ్రాంటు ఉండదు. మా పిల్లల్లో ఎక్కువమంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదువుతున్నారు. అది విడతలు విడతలుగా, ఆలస్యంగా వస్తుంది. జీతాలు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకే ఇవ్వాలి. ఆ మధ్యలో యజమానులు చేబదులు ఇస్తేనే గడుస్తోంది. 2020లో వసతి దీవెన కింద ఐటీఐ పిల్లలకు ఏడాదికి 10,000 రూపాయలు ప్రకటించారు, అది పిల్లల తిండికి, బసకి ఉద్దేశించింది. సంస్థకు దానితో సంబంధం లేకుండింది. 2025లో కేంద్రం 60,000 కోట్లతో పీఎం సేతు అనే పథకం ప్రకటించింది. 1,000 ప్రభుత్వ ఐటీఐలను బాగుచేస్తారు. చాలా అవసరమైన పని. కానీ దేశంలో ఉన్న 14 వేలకు పైగా ఐటీఐల్లో నాలుగింట మూడు వంతులు ప్రైవేటువే, పల్లెల్లో పిల్లలకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నవి చాలాచోట్ల అవే. వాటిలో అద్దె మెషీన్లవాళ్ళున్నారు కాబట్టి అందరికీ డబ్బివ్వమని నేననను. సీఐటీఎస్ చేస్తున్న ఏడాది స్టైపెండ్, సీఐటీఎస్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ జీతంలో కొంత వాటా, అదీ నేరుగా ఆ మనిషి ఖాతాలోకి ఇవ్వమంటాను. ప్లయర్‌కి "20+1" అని రాసినంత శ్రద్ధగా, ఆ "+1" మనిషి జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా రాయాలి.

ఇప్పుడు దరఖాస్తు పెట్టబోయేవాళ్ళకు నేను చెప్పేది, ముగ్గు పోయకముందే ఇన్‌స్ట్రక్టర్లను వెతకండి. దొరక్కపోతే మీ ఊరి ఐటీఐ కుర్రాణ్ణి ఎవరినైనా ఆ ఏడాదే సీఐటీఎస్‌కి పంపండి. బిల్డింగ్ పూర్తయ్యేసరికి అతను వచ్చేస్తాడు. మేం ఈసారి పోర్టల్ తెరిస్తే వెల్డర్ ట్రేడ్‌కి పెడుతున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్‌కి డబ్బు కట్టేశాం, వెల్డింగ్ చెప్పడానికి ఒకమ్మాయి ఇప్పటికే హైదరాబాద్‌లో చదువుతోంది.