ఇరవై ఆరేళ్ళ కాపురం, రెండేళ్ళ పెళ్ళి

ఆదివారం

1911 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి లెక్కకు ఇంగ్లండులో ఇంటింటా నింపించిన జనాభా పత్రంలో ‘ప్రస్తుత వివాహం జరిగి ఎన్ని సంవత్సరాలు నిండాయి’ అని ఒక గడి ఉంది. మా కోడలి ముత్తాతకు తండ్రి అయిన పెద్దమనిషి ఆ గడిలో తన చేత్తోనే 26 అని రాశాడు. ఆ దంపతుల పెళ్ళి రిజిస్టరుకెక్కింది మాత్రం 1909 ఫిబ్రవరిలో. లెక్కప్రకారం ఆయన రాయవలసిన అంకె 2. ఈ రోజంతా నాకు ఆ రెండు అంకెల మధ్యనే గడిచింది.

మా కోడలిది ఇంగ్లండు. పుట్టింటివారి వంశవృక్షం గీయాలని సరదాపడి మొదలుపెట్టి, ఉద్యోగమూ చంటిపిల్లా తీరిక ఇవ్వకపోవడంతో ఆ పని నాకు అప్పగించింది. రిజిస్ట్రేషన్ శాఖలో ఉద్యోగమంతా దస్తావేజుల మధ్య గడిపినవాడికి ఇంతకన్నా మంచి కాలక్షేపం దొరకదని ఆమె పసిగట్టింది. ఫోను చేసినప్పుడల్లా, ‘మామయ్యగారూ, మావాళ్ళు ఎందాకా వచ్చారు?’ అని తను నేర్చుకున్న తెలుగులో అడుగుతుంది.

తల్లిదండ్రుల పెళ్ళి వెతికేవాళ్ళెవరైనా పెద్దబిడ్డ పుట్టిన సంవత్సరం నుంచి వెనక్కి వెళతారు. పెద్దకూతురు 1886లో పుట్టింది కనుక నేనూ మూడు నెలలకొక సూచీ చొప్పున వెనక్కి నడిచాను. 1912కు ముందరి వివాహ సూచీలలో వరుడి పేరు పక్కన వధువు ఇంటిపేరు ఉండదు. ఇద్దరి పేర్లనూ విడివిడిగా వెతికి, జిల్లా, సంపుటం, పుట సంఖ్య మూడూ కలిసినప్పుడే వాళ్ళు జంట కావచ్చునని అనుకోవాలి, అప్పటికీ ఒకే పుటలో ఒకటికి మించిన పెళ్ళిళ్ళు ఉండవచ్చు కనుక అసలు ధ్రువపత్రం తెప్పించుకుంటే తప్ప రూఢి కాదు. ఆయన పేరు 1878లో ఒకచోట దొరికింది. ఆ పుటలో ఉన్న ఆడపేర్లలో ఏ ఒక్కటీ ఈవిడది కాదు. పిల్లల జనన నమోదులలో తల్లి పుట్టింటి పేరు ఏడుగురికీ ఒక్కటే ఉంది కనుక, పిల్లల తల్లి ఎవరన్న విషయంలో సందేహం లేదు. వెనుక దొరకని పెళ్ళిని ముందుకు వచ్చి వెతకాలన్న ఆలోచన తట్టాకే 1909 బయటపడింది.

ఆ ధ్రువపత్రం నకలు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. వరుడికి 54 ఏళ్ళు, భార్య చనిపోయినవాడు, రైలుపెట్టెల కర్మాగారంలో మేస్త్రీ. వధువుకు 45 ఏళ్ళు, అవివాహిత, వృత్తి గడిలో ఒక అడ్డగీత. ఏడుగురిని కని, ఇద్దరిని పోగొట్టుకుని, ఐదుగురిని పెంచిన మనిషికి రిజిస్ట్రారు ఆ ఒక్క గీత గీసి ఊరుకున్నాడు. నివాసం గడిలో ఇద్దరికీ వేరువేరు వీధుల పేర్లున్నాయి. తండ్రి గడిలో వరుడి తండ్రి పేరు, ‘నేతపని, మరణించాడు’ అని ఉంది. 1878 నాటి చర్చి పెళ్ళి పత్రంలోనూ అదే పేరు, అదే వృత్తి ఉన్నాయి కనుక ఆ వరుడూ ఈ వరుడూ ఒక్కడే. (తల్లుల పేర్లకు ఇంగ్లండు వివాహ పత్రంలో 2021 మే నెల దాకా చోటే లేదు. స్కాట్లండులో 1855 నుంచే రాసేవారు. ఈ ఒక్క విషయంలో నాకు ఇంగ్లండు మీద కోపం తగ్గదు.) పెళ్ళి వాళ్ళ ఊళ్ళో కాకుండా పక్క జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో జరిగింది. చర్చి బయట జరిగే పెళ్ళికి ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆ రోజుల్లో 21 రోజులు నలుగురికీ కనిపించేలా ఉంచేవారు. ఊరంతా ఎప్పటినుంచో భార్యాభర్తలుగా ఎరిగిన ఇద్దరి పేర్లు ఆ నోటీసులో ‘భార్య చనిపోయినవాడు, అవివాహిత’ అని కనబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పొరుగు జిల్లాలో ఏడు రోజులు గది అద్దెకు తీసుకుంటే ఆ ఇబ్బంది తప్పిపోతుంది.

అసలు సంగతి సాక్షుల సంతకాలలో ఉంది. రెండో సంతకం, కొంచెం కుడివైపు వాలిన గుండ్రటి అక్షరాలతో, 1886లో పుట్టిన పెద్దకూతురిది. తల్లిదండ్రుల పెళ్ళికి కూతురే సాక్షి. ఇక ఇందులో రహస్యమేముంది? మూడు తరాల తరువాత కాగితాలు తిరగేసే మనకే అది రహస్యం, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు కాదు.

మధ్యాహ్నం మా ఆవిడకు చెబితే, ‘అన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళకు మళ్ళీ పెళ్ళి దేనికండీ?’ అంది. మంచి ప్రశ్నే. పిల్లలకు హక్కుల కోసమా అంటే, ఆ పెళ్ళి వల్ల పిల్లలకు ఒరిగిందేమీ లేదు. తల్లిదండ్రులు తరువాత పెళ్ళి చేసుకుంటే ముందు పుట్టిన బిడ్డలు సక్రమ సంతానమవుతారని ఇంగ్లండులో చట్టం వచ్చింది 1926లో. అదీ బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రులలో ఎవరికీ మరొకరితో పెళ్ళి అయి ఉండకూడదన్న షరతుతో. ఆ షరతు తొలగింది 1959లో. అప్పటికి ఈ ఐదుగురిలో ఎందరు మిగిలి ఉంటారు? కాబట్టి, చేసుకోవడానికి వీలు కలిగింది కనుక చేసుకున్నారన్నదే నాకు తోచిన జవాబు.

వీలు లేకపోవడమంటే ఏమిటో ఆనాటి చట్టం చదివితే గాని అర్థం కాదు. 1857 విడాకుల చట్టానికి ముందు, విడిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకోదలచినవాడు పార్లమెంటులో తన పేర ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి. 1845లో వార్విక్ న్యాయస్థానంలో జస్టిస్ మౌల్ ఇద్దరిని పెళ్ళాడిన ఒక పేదవాడికి, అతడు ముందే చేసి ఉండవలసిన వ్యాజ్యాలన్నీ ఒక్కొక్కటిగా వివరించి, వాటికయ్యే డబ్బు అతడు జన్మలో చూసి ఉండడని తెలిసే, ధనికుడికొక చట్టమూ పేదకొక చట్టమూ మన దేశంలో లేవని ఎత్తిపొడిచాడు. 1858 నుంచి లండనులో విడాకుల కోర్టు ఏర్పడినా, భార్య వ్యభిచారం చేసిందని రుజువు చేస్తే భర్తకు చాలు; భార్య మాత్రం దానితోపాటు క్రూరత్వమో, వదిలివేయడమో మరొకటి కూడా నిరూపించాలి. ఈ తేడా 1923 దాకా ఉంది. రైలుపెట్టెల మేస్త్రీకి ఆ కోర్టు చంద్రమండలమంత దూరం. అలాగని రెండో పెళ్ళి చేసుకుంటే 1861 చట్టం కింద ఏడేళ్ళ కఠిన శిక్ష పడవచ్చు. ఈయన ఆ నేరమూ చేయలేదు. పెళ్ళి చేసుకోకుండానే కాపురం పెట్టాడు, వీలు దొరికిన తరువాత రిజిస్ట్రారుకు నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పింది జనాభా లెక్కల వాడికి మాత్రమే, అదీ నేను అబద్ధమనడానికి వెనకాడే అబద్ధం.

డబ్బున్నవాళ్ళ తీరు వేరు. చనిపోయిన భార్య చెల్లెలిని పెళ్ళాడటం ఇంగ్లండులో 1907 దాకా చెల్లేది కాదు. చిత్రకారుడు హోల్మన్ హంట్ 1875లో స్విట్జర్లాండు వెళ్ళి మరదలిని పెళ్ళాడి వచ్చాడు. లేనివాళ్ళు తమను ఎరగని పెద్ద పట్నంలో చేసుకునేవారు. పూర్వీకుల పెళ్ళి సంబంధం లేని ఊళ్ళో కనబడితే ముందు ఆ సంవత్సరపు చట్టం చూడాలి, వాళ్ళ శీలం సంగతి తరువాత.

సాయంత్రం కూర్చుని మొదటి భార్యను వెతికాను. ‘ఆవిడ మా పూర్వీకురాలు కాదు కదా మామయ్యగారూ’ అంది కోడలు. కాదు నిజమే, కాని ఆవిడ లేకపోతే ఈ కథే లేదు. 1881 లెక్కల్లో భర్త ఇంట్లో ఉంది, పిల్లలు లేరు. 1891లో అన్నగారి ఇంట్లో, ‘వివాహిత’. 1901లోనూ అక్కడే, కాని ఈసారి ‘వితంతువు’. అప్పటికి భర్త వేరే ఊళ్ళో, వేరే ఆవిడతో, పిల్లల మధ్య నిక్షేపంగా ఉన్నాడు. వదిలేసిన భర్త గురించి అడిగినప్పుడల్లా చెప్పుకోవడం కన్నా చనిపోయాడనడం తేలిక అనిపించి ఉంటుంది. 1908 అక్టోబరులో ఆవిడ పోయింది. మరణ పత్రంలో వివరాలు చెప్పినవాడు అన్న. అక్కడ ఆవిడ వితంతువు కాదు, ఫలానా ‘రైలుపెట్టెల మేస్త్రీ భార్య’. 1878లో పెళ్ళినాటికి ఆయన ఉత్త వడ్రంగి. మేస్త్రీ అయిన సంగతి అన్నగారికి తెలిసిందంటే, ఆయన ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో అన్నేళ్ళూ ఆ ఇంటికి తెలుసునన్నమాట. కబురు అక్కడినుంచే వెళ్ళి ఉండాలి. మూడు నెలలు దాటి నాలుగోది నడుస్తుండగా ఇక్కడ పెళ్ళి జరిగింది.

వృక్షంలో పెళ్ళి తేదీ ఏది వేయాలని కోడలు అడిగింది. 1909 వేసి, పక్కన 1911 పత్రం జతచేయమన్నాను. మొదటి భార్య పేరు కూడా ఎక్కించమంటే, కాసేపు ఆలోచించి సరేనంది. ఒప్పుకుంది కనుక నా పని ఇంకొంచెం పెరిగింది. 1878కీ 1881కీ మధ్య ఆయన ఇంటిపేరూ, ఆవిడ పుట్టింటి పేరూ కలిసిన జననం ఒకటి అదే జిల్లా సూచీలో కనబడుతోంది. ఆడపిల్ల, 1879. లెక్కల నాటికి ఇంట్లో లేదు కనుక మరణాల సూచీ చూడాలి. అది రేపటి పని.