వాన రేసు ఆపితే కోపం ఎందుకు?

ఆదివారం.

పొద్దున బట్టలు, ఇల్లు సర్దడం, కరెంటు బిల్లు. మధ్యాహ్నం నుంచి మేనల్లుడితో టీవీ ముందు కూర్చున్నాను. వాడికి ఈ మధ్యే రేసుల పిచ్చి పట్టింది. ఇవాళ్టిది కుర్రాళ్ళ జూనియర్ ఫార్ములా రేసు. అక్కడ వాన దంచేస్తోంది. అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వెనకాల కాసేపు తిరిగారు, రేసు ఆపమని ఎర్ర జెండా చూపించారు, అందరూ పిట్ లేన్‌లోకి వచ్చి ఆగిపోయారు. గంట గడిచినా కదలిక లేదు.

"మావయ్యా, వాన టైర్లు ఉంటాయి కదా, తల చుట్టూ హేలో చట్రం కూడా ఉంది కదా. మరి ఎందుకు ఆపారు?" అన్నాడు.

మంచి ప్రశ్న. అప్పుడు నేను చెప్పింది వాడికి ఎంత ఎక్కిందో గానీ, సాయంత్రం నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

హేలో మీద వాడి నమ్మకంలో తప్పేమీ లేదు. పైకప్పు లేని కాక్‌పిట్‌లో డ్రైవరు తల బయటికే ఉంటుంది. 2009 జూలైలో వారం తిరక్కుండా రెండు ఘోరాలు జరిగాయి. బ్రాండ్స్ హాచ్‌లో వేరే కారు నుంచి ఊడివచ్చిన చక్రం తగిలి పద్దెనిమిదేళ్ళ హెన్రీ సర్టీస్ చనిపోయాడు. తర్వాత ఆరు రోజులకే హంగరీలో ముందు కారు నుంచి రాలిన స్ప్రింగు ఫెలిపే మాసా హెల్మెట్‌కి తగిలింది. మాసా బతికి మళ్ళీ రేసుల్లోకి వచ్చాడు. 2015లో పొకోనోలో జస్టిన్ విల్సన్ తలకి మరో కారు ముక్క తగిలింది, మర్నాడు ప్రాణం పోయింది. ఇన్ని జరిగాక, 2018లో ఫార్ములా వన్ కార్లకి హేలో వచ్చింది. డ్రైవరు తల చుట్టూ బిగించే టైటానియం చట్రం అది. పన్నెండు టన్నుల బరువుని తట్టుకుంటుంది. 2020లో అమెరికాలో ఇండీకార్ రేసుల వాళ్ళు దానికి అద్దం కూడా కలిపి ఏరోస్క్రీన్ పెట్టుకున్నారు.

కొత్తలో హేలోని చూసి కారు అందం పాడైందని చాలామంది గొడవ చేశారు. ఫార్ములా వన్ డ్రైవరు రొమాన్ గ్రోజాన్ కూడా అది వద్దన్నవాడే. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాపులోనే అతని కారు ట్రాక్ పక్కన ఇనప రెయిలింగులోకి దూసుకుపోయి, రెండు ముక్కలై భగ్గుమంది. అర నిమిషం దాకా ఆ మంటల్లోనే ఉండి, తనే బయటికొచ్చాడు. చేతులు కాలాయి. హేలో లేకపోతే ఆ రెయిలింగు ముందు తల నిలిచేది కాదు. ఆసుపత్రి నుంచే వీడియోలో మాట్లాడుతూ, ఒకప్పుడు నేను దీన్ని ఒప్పుకోలేదు, ఇది లేకపోతే ఇవాళ మీతో మాట్లాడేవాణ్ణి కాదు అన్నాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంతవరకూ మేనల్లుడికి తెలిసిన కథే. వాడికి తెలియనిది ఇంకో డ్రైవరు పియర్ గాస్లీ సంగతి. అది అర్థం కావాలంటే ముందు రెండు ప్రమాదాల గురించి చెప్పాలి.

2014 అక్టోబరు 5, జపాన్‌లో సుజుకా. వాన, పైగా వెలుతురు తగ్గుతోంది. ఒక కారు జారి బయటికి పోతే దాన్ని లాగడానికి ట్రాక్టర్ క్రేన్ వచ్చింది. జాగ్రత్తగా రమ్మని పసుపు జెండాలు ఊపుతున్నారు, రేసు మాత్రం నడుస్తూనే ఉంది. తర్వాతి ల్యాపులో అదే మలుపు దగ్గర జూల్ బియాంకీ కారు జారి నేరుగా ఆ క్రేన్ కిందికి దూరింది. అంత వేగంలోంచి ఒక్క క్షణంలో ఆగేసరికి మెదడు తట్టుకోలేకపోయింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జూలైలో వెళ్ళిపోయాడు. ప్రమాదం జరగగానే అందరూ ఒకేసారి వేగం తగ్గించి తీరాలనే వర్చువల్ సేఫ్టీ కారు పద్ధతి 2015 నుంచే పెట్టారు.

2019 ఆగస్టు 31న బెల్జియంలోని స్పాలో ఆంత్వాన్ ఉబేర్ చనిపోయాడు. గాస్లీకి చిన్నప్పటి స్నేహితుడు. ఆ రోజు ఉబేర్ కారుకి హేలో ఉంది. కారు గోడకి కొట్టుకుని వెనక్కి తుళ్ళి ట్రాక్ అంచుకి వచ్చింది. వెనక నుంచి రెండొందల కిలోమీటర్లకి పైగా వేగంతో వచ్చిన హువాన్ మాన్యుయెల్ కొరియా కారు దాన్ని పక్క నుంచి గుద్దింది. కొరియా కాళ్ళు నుజ్జయ్యాయి. మళ్ళీ రేసు కారెక్కడానికి 2021 దాకా పట్టింది.

సరిగ్గా ఈ గాస్లీయే 2022లో అదే సుజుకాలో, అదే వానలో, ముందున్న కార్లని అందుకుందామని వస్తూ, నీటి తుంపర్ల మధ్య హఠాత్తుగా ఒక క్రేన్ పక్క నుంచి దూసుకెళ్ళాడు. కాస్త అటు జారి ఉంటే! రేడియోలో అతను అరిచిన అరుపు ఇవాళ వాడికి వినిపించాను. బియాంకీ తండ్రి కూడా ఊరుకోలేదు, తన కోపాన్ని అందరి ముందూ చెప్పాడు. ఎనిమిదేళ్ళయ్యాక కూడా, అందరికీ పాఠం తెలిసిన చోటే, కార్లు తిరుగుతుండగా క్రేన్ ట్రాక్ మీదకి వచ్చిందంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

2023 జూలై 1న మళ్ళీ స్పా, మళ్ళీ వాన. సేఫ్టీ కారు పక్కకి తప్పుకుని రేసు తిరిగి మొదలైన కాసేపటికే, ట్రాక్ మీద చిక్కుకున్న డిలానో వాన్ట్ హోఫ్ కారుని ఇంకో కారు గుద్దింది. చనిపోయిన డిలానోకీ పద్దెనిమిదేళ్ళే. ముందు ఏముందో వెనక వచ్చేవాళ్ళకి కనిపించలేదు.

టైర్ల సంగతీ చెప్పాను. మూడొందల కిలోమీటర్ల వేగంలో ఒక్కో వాన టైరు సెకనుకి 85 లీటర్ల దాకా నీళ్ళు చిమ్ముతుంది. టైరు పట్టు దొరికేది అందుకే. కానీ ఆ నీళ్ళన్నీ వెనకవాడి ముఖం మీదకే. దానికి తోడు కారు అడుగు భాగం కూడా రోడ్డు మీది నీటిని పీల్చి పైకి ఎగజిమ్ముతుంది. వెనకవాడికి ముందు కారు ఎర్ర దీపం కూడా కనపడదు. వాడు స్టీరింగ్ పట్టుకుని గుడ్డిగా నమ్మకం మీద పోతున్నట్టే. అలాంటప్పుడు ముందు ఒక కారు అడ్డంగా ఆగి ఉంటే బ్రేకు తొక్కే టైమే ఉండదు. హేలో తలని కాపాడుతుంది గానీ ఈ దెబ్బని ఆపలేదు.

నాలుగున్నరకి రేసు రద్దయిందని ప్రకటించారు. మావాడు మొహం ముడుచుకున్నాడు. బయట గొడుగులు పట్టుకుని గంటల తరబడి నిలబడ్డవాళ్ళ బాధ నాకూ అర్థమవుతుంది. 2021లో స్పాలో కూడా జనం రోజంతా తడిసి, చివరికి సేఫ్టీ కారు వెనక కాసిని ల్యాపులు చూసి వెళ్ళారు. సగం పాయింట్లు ఇచ్చి రేసు అనిపించారు. దాన్ని రేసు అనడం తప్పే, టికెట్ కొన్నవాళ్ళకి న్యాయం జరగాల్సిందే. కానీ ఆ రోజు కార్లని వదలకపోవడం మాత్రం తప్పు కాదు. దానికి ముందు రోజే, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో, డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ రేడియోలో ఎర్ర జెండా చూపించమని అడిగాడు. చూపించేలోపే లాండో నోరిస్ కారు చక్రంలా గిర్రున తిరుగుతూ పోయి గోడకి కొట్టుకుంది. వెటెల్ రేడియోలో కోపంగా అరిచి, నోరిస్ పక్కన తన కారు ఆపి, బాగానే ఉన్నావా అని కనుక్కున్నాడు. నోరిస్‌కి ఏమీ కాలేదు. కాకపోవడం అదృష్టం.

ఇంకో మాట వాడికి గట్టిగా చెప్పాను. అక్కడ నారింజ రంగు బట్టలు వేసుకుని జెండాలు పట్టుకున్న మార్షళ్ళని చూడు అని. చాలా చోట్ల వాళ్ళు జీతం లేకుండా, ఇష్టం కొద్దీ వచ్చేవాళ్ళు. వాళ్ళకి హేలోలూ లేవు, కాక్‌పిట్‌లూ లేవు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఎగిరివచ్చిన చక్రాలు తగిలి ఇద్దరు మార్షళ్ళు చనిపోయారు. డ్రైవర్ల పేర్లు గుర్తున్నట్టు పావొలో జిస్లింబెర్తీ, గ్రాహమ్ బెవరిడ్జ్ పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఉండాలని నా కోరిక.

"మరి చక్రాలకి కప్పు పెడితే నీళ్ళు ఎగరవు కదా?" అన్నాడు వాడు చివర్లో. ముచ్చటేసింది. 2023లో సిల్వర్‌స్టోన్‌లో సరిగ్గా అదే ప్రయత్నించారని చెప్పాను. చక్రాల మీద కప్పులు బిగించి తడి ట్రాక్ మీద తిప్పారు. నీటి పొగ తగ్గాల్సినంత తగ్గలేదు, కారు అడుగు నుంచి లేచేది అలాగే ఉంది. అయినా ఆ పని వదలకూడదు. హేలోకి కూడా మొదట్లో వేరే రకాల నమూనాలు పక్కన పెట్టాకే ఇప్పుడున్నది దొరికింది. నీటి పొగకి కూడా అలాంటి మందు దొరికేదాకా, వానలో ఏమీ కనపడనప్పుడు జెండా ఎత్తే అధికారిని ఎవరైనా తిడితే నేను అతని పక్షమే. మావాడు మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వచ్చే రేసుకి మళ్ళీ వాదించుకుంటాం.